నరసాపురం మేడ మీది జిరాక్స్ షాపు: నాలుగు స్టార్లు, ఐదోది ఎందుకు కోశానంటే

జిరాక్స్ షాపుకి రివ్యూ ఏంటమ్మా అని మా పెద్దాడు నవ్వేడు. నవ్వనివ్వండి. మా ఆయన గుండె జబ్బుకి పరిహారం అడిగే ఫైలు రెండేళ్లపాటు ఆ షాపు చుట్టూనే తిరిగింది. మా సఖినేటిపల్లి, అంతర్వేది, మలికిపురం వైపు ఓడ ఉద్యోగాలకి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను, ఎందుకంటే మనిషి మంచాన పడ్డాక కాగితాల సంచి చంకన పెట్టుకుని తిరిగేది మనమే.

షాపు నరసాపురంలో, రేవు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. బోర్డు మీద పేరు లేదు, "జిరాక్స్, స్కానింగ్, లామినేషన్" అని మాత్రం ఉంటుంది. నడిపే ఆయనకి 70 దాటేయి. ఒకప్పుడు ఓడల మీద రేడియో ఆఫీసరు. 1999 ఫిబ్రవరికల్లా ఉపగ్రహాల పద్ధతి పూర్తిగా వచ్చేసి, మోర్స్ కొట్టే మనిషితో ఓడలకి పని లేకుండా పోయింది. ఇంటికొచ్చి టైపు మిషన్లు పెట్టుకున్నారు, అవీ పోయాక ఈ షాపు. అందరూ రేడియో మాస్టారంటారు. పేరూ ఫోను నంబరూ మాత్రం రాయొద్దన్నారు. "ఇప్పుడొచ్చేవాళ్లకే కుర్చీలు చాలట్లేదు" అన్నారు. ఆ మాట నిజమే, ఉన్నది ఒక్కటే కుర్చీ.

ముందు మా సంగతి చెప్పాలి. మా ఆయన మోటర్‌మ్యాన్. అంటే ఇంజను రూములో నూనె, వేడి, చప్పుడు మధ్య పని. పనామా జెండా ఉన్న సరుకు ఓడ. 2022 ఏప్రిల్లో ఎక్కేరు, అప్పటికి 47 ఏళ్లు. సెప్టెంబరులో హిందూ మహాసముద్రం మధ్యలో ఉండగా ప్యూరిఫయర్ రూములో పని చేస్తున్నారు. ఓడకి వాడే చిక్కటి నూనెని అక్కడ 98 డిగ్రీల దాకా వేడి చేసి తిప్పి మడ్డి తీస్తారట. ఆ గదిలో నిలబడితేనే చొక్కా పిండుకోవాలి. ఆ రోజు చెమటలు ఎక్కువ పట్టేయి, ఎడమ దవడ లాగింది, వాంతి అయింది. గ్యాసనుకుని ఈనో తాగి మళ్లీ పనిలోకి వెళ్లేరు. మర్నాడు మెట్ల మీద కూలబడ్డారు. కెప్టెను రేడియోలో డాక్టర్ల సలహా అడిగి, ఓడ మందుల పెట్టెలోంచి ఆస్పిరిన్ ఇప్పించేడు. డర్బన్ చేరడానికి మూడు రోజులు పట్టింది. అక్కడ స్టెంటు వేశారు. ఇంటికొచ్చాక ఎకో తీస్తే గుండె పంపింగు 35 శాతం, మామూలుగా 55 పైన ఉండాలట. ఓడ ఉద్యోగానికి ఇక పనికిరాడని డాక్టరు రాసిచ్చేశారు.

ఈయన విమానం దిగిన వారానికే మా ఇంటికో ఏజెంటొచ్చేడు. ఎవరు చెప్పేరో తెలీదు. కోటి వస్తుంది, 30 శాతం నాది, ఈ ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టండి అన్నాడు. మా మరిది పెన్ను కూడా తీసేడు. నేను పొయ్యి మీద పాలున్నాయని లోపలికెళ్లి బయటికి రాలేదు. అలా తప్పింది. మర్నాడు ఊళ్లో ఎవరో మాస్టారి పేరు చెప్తే గోదారి దాటించే పంటెక్కేను.

మొదటి రోజు మాస్టారు ఎంతొస్తుందో చెప్పలేదు. సంచిలోంచి డర్బన్ ఈసీజీ కాగితాలు తీసి, మిగతావేవీ చూడకుండా, నాలుగు కాపీలు తీసేరు. ఇదేంటండీ, డిశ్చార్జి సమ్మరీ చూడరా అంటే, "ఇది వేడికి అచ్చయ్యే కాగితం అమ్మా. బస్సు టికెట్టు లాంటిది. ఆర్నెల్లలో గీతలు ఎగిరిపోతాయి. సమ్మరీ ఎక్కడికీ పోదు" అన్నారు. విమానం బోర్డింగు పాసులూ అంతే, అవీ తీసేరు. మొన్న బీరువా సర్దుతుంటే అసలు ఈసీజీ కనపడింది. మజ్జిగలా తెల్లగా ఉంది. రెండు రూపాయల కాపీలోనే ఇంకా ఆయన గుండె నడుస్తోంది.

రెండో రోజు నా ఫోను అడిగేరు. ఈయన ఓడ మీంచి పంపిన వాయిస్ మెసేజీలన్నీ కూర్చోబెట్టి వినిపించమన్నారు. మొగుడూ పెళ్లాల మాటలు, సిగ్గేసింది. ఆయన మాత్రం రేడియోలో సందేశం దించుకున్నట్టు తల వంచుకుని తారీఖు, మన టైము, ఓడ టైము, చెప్పిన మాట, ఇవే నాలుగు గడులు గీసి రాసుకున్నారు. "ఇప్పుడే పైకొచ్చేనే, రాత్రంతా జెనరేటరు విప్పేం" అన్నది మన టైముకి తెల్లారగట్ల ఐదున్నర. ఓడ టైముకి ఎంతో ఆయనే లెక్క కట్టేరు. అలాంటివి సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో పదకొండు దొరికేయి. నేను అప్పట్లో "సరే పడుకోండి" అని బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నవి అవి.

ఇదంతా దేనికంటే, విశ్రాంతి లేని పని వల్లే జబ్బొచ్చిందని చూపించాలి. ఓడల మీద విశ్రాంతి గంటల కాగితమని ఒకటుంటుంది. రోజుకి కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ రూలు. ఈయన కాగితంలో ప్రతి రోజూ పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు, మధ్యలో భోజనం, రాత్రి హాయిగా నిద్ర. సంతకం ఈయనదే! ఎందుకు పెట్టేరయ్యా అంటే, అందరం పెడతాం, లేకపోతే రేవులో తనిఖీవాళ్లు ఓడని ఆపేస్తారు అంటారు. మాస్టారు కోప్పడలేదు. ఓవర్‌టైము షీటు ఉందా అనడిగేరు. ఉంది, డబ్బులకి సంబంధించింది కాబట్టి ఈయన దాచుకున్నారు. అందులో రాత్రి పది నుంచి మూడు దాకా ఓవర్‌టైము. ఇందులో అదే రాత్రి నిద్ర. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒకే పేజీలో కాపీ తీసేరు. నాకు తెలిసి మా ఫైలు మొత్తానికి బరువున్న పేజీ అదే.

మూడోసారి వెళ్లినప్పుడు అడిగిన ప్రశ్నకి మాత్రం ఆయన మీద కోపమొచ్చింది. "ఓడెక్కే ముందు బీపీ మాత్రలేమైనా వేసుకునేవాడా?" అన్నారు. లేదన్నాను. "అమ్మా, నేను కంపెనీవాణ్ణి కాదు" అన్నారు. అప్పుడు చెప్పేను. ఎక్కడానికి రెండు నెలల ముందు మా ఊరి ఆరెంపీ దగ్గర చూపిస్తే 150కి 100 ఉంది, పది రోజులు మాత్రలు ఇచ్చేడు, అయిపోయాక మళ్లీ వేసుకోలేదు. ఓడెక్కే ముందు మెడికల్ ఫారంలో బీపీ ఉందా అన్న చోట లేదనే రాసేరు. ఉందని రాస్తే ఎక్కనివ్వరని భయం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పినదేంటంటే, ఓడ కార్మికుల అంతర్జాతీయ ఒప్పందంలోనే, ఉద్యోగంలో చేరేటప్పుడు కావాలని దాచిన జబ్బుకి ఓడ యజమాని బాధ్యత తప్పించుకోవచ్చని ఉందట. 2006 నాటి ఒప్పందం అది, మన దేశం 2015లో చేరింది. "వాళ్లు రేపు ఆ ఆరెంపీ చీటీ పట్టుకొస్తే నీ ఫైలంతా అబద్ధం అవుతుంది. మనమే ముందు పెడదాం. పది రోజుల మాత్రలు, తర్వాత ఫిర్యాదు లేదు, కంపెనీ డాక్టరే ఆ రోజు కొలిచి 130కి 84 అని రాసేడు, ఫిట్ అన్నాడు." అలాగే రాసేరు. ఆ రాత్రి ఈయన నాతో మాట్లాడలేదు, నా బీపీ సంగతి నరసాపురం దాకా మోసేవా అని. ఏడాది తర్వాత కంపెనీ తరఫు వకీలు సరిగ్గా అదే ప్రశ్న అడిగితే, ఫైల్లో 14వ పేజీ చూడండి అని చెప్పి వచ్చేం.

ఇక్కడ ఫిలిప్పీన్స్ సంగతొకటి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఈయనతో పనిచేసిన ఫిలిపినో ఆయిలరు ఒకతను రోజూ మెసేజీ పెట్టేవాడు. మీ గుండె జబ్బు జాబితాలో ఉంది బ్రదర్, 60 వేల డాలర్లు ఇస్తారు అని. నేను ఆ అంకెని రూపాయల్లోకి మార్చి, ఇంటి మీద గది కూడా కట్టేశాను మనసులో. మాస్టారు ఆ గది కూల్చేరు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం వాళ్ల నావికులకి పెట్టిన కాంట్రాక్టులో గుండె జబ్బు ఉద్యోగం వల్ల వచ్చే జబ్బుల జాబితాలో నిజంగానే ఉంది, వైకల్యం ఒకటో గ్రేడైతే 60 వేల డాలర్లన్నదీ నిజమే. అయితే వాళ్లకీ ఊరికే రాదు. జబ్బు ముందే ఉంటే ఆ పని ఒత్తిడి వల్లే ముదిరిందని చూపించాలి, ఇంటికొచ్చిన మూడు పనిరోజుల్లో కంపెనీ డాక్టరుకి కనపడాలి. ఆ డాక్టరు 120 రోజుల్లో, కారణముంటే 240 రోజుల్లో తేల్చాలి. సొంత డాక్టరు వేరే మాటంటే ఇద్దరూ ఒప్పుకున్న మూడో డాక్టరు మాట ఖాయం. "అదంతా వాళ్ల కాంట్రాక్టమ్మా. నీ మొగుడు సంతకం పెట్టింది వేరేది. పక్కింటివాళ్ల దస్తావేజు చూసి మన పొలం కొలుస్తామా" అని, మా కాంట్రాక్టు కాపీ చేతిలో పెట్టి, గట్టిగా చదవమన్నారు. నా ఇంగ్లీషు ఇంటర్మీడియట్‌తో ఆగిపోయింది. గంటన్నర పట్టింది. పక్కన ఆధార్ కార్డు లామినేషన్‌కి వచ్చినాయన కూడా నిలబడి విన్నాడు పాపం.

చదివితే తేలింది జబ్బు జీతం సంగతి. మనిషి జబ్బుపడి దిగిపోతే ఎన్నాళ్లు జీతం ఇవ్వాలన్నదానికి కాంట్రాక్టు ఎంతైనా రాసుకోవచ్చు, కానీ ఆ 2006 ఒప్పందం ప్రకారం 16 వారాలకి తగ్గడానికి వీల్లేదు. అంటే 112 రోజులు. మాకు 71వ రోజుతో ఆపేశారు, మేం అంతే కాబోలనుకున్నాం. మాస్టారు ఒక్క పేజీ ఉత్తరం టైపు చేశారు, బతిమాలడాలు ఏవీ లేకుండా. తారీఖులు, 112లోంచి 71 తీసేస్తే 41, ఇన్ని రోజులు బాకీ, అంతే. మూడు వారాల్లో బ్యాంకులో పడింది. ఆ ఉత్తరానికి ఆయన తీసుకున్నది వంద రూపాయలు.

మరి పెద్ద క్లెయిము ఎవరికి పంపాలి? ఓడ యజమాని ఎక్కడో, మేనేజరు ఎక్కడో, ఇక్కడ మనుషుల్ని ఎక్కించే కంపెనీ ఇంకెక్కడో. 2017 జనవరి 18 నుంచి ప్రతి ఓడ మీదా, మనిషి చనిపోయినా వికలాంగుడైనా డబ్బు ఇవ్వడానికి బీమా ఉందన్న సర్టిఫికెట్టు అందరికీ కనపడేలా గోడకి పెట్టాలి, దాని మీద క్లెయిము చూసేవాళ్ల చిరునామా ఉండాలి. ఈయన దాన్ని ఫోటో తీసుకోలేదు. భోజనాల హాల్లో రోజూ దాని పక్కనే అన్నం తిన్నారు. చివరికి ఎవరిదో పుట్టినరోజు కేకు కోస్తున్న ఫోటోలో, వెనకాల గోడ మీద ఓరగా కనపడింది. మాస్టారు దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి, క్రీము పూసుకున్న వంటవాడి చెవి పక్కనుంచి ఈమెయిలు చిరునామా చదివేరు. ఆ పూట ఆయన ముఖం చూడాలి, సముద్రంలో ఎవరిదో సిగ్నలు దొరికినట్టు. మీ ఇంట్లో ఓడ మనిషి ఉంటే ఈ రాత్రే చెప్పండి, ఆ సర్టిఫికెట్టు ఫోటో తీసి పంపమని.

ఇప్పుడు స్టారు కోసిన సంగతి. ఆ పెద్ద ఉత్తరంలో ఓడ నంబరు తప్పు పడింది. ఐఎంఓ నంబరని ఏడంకెలుంటాయి, ఓడకి పేరు మారినా జెండా మారినా అది మారదు. అందులో 6, 9 తారుమారయ్యాయి. మాది కాని ఓడ మీద మేం క్లెయిము వేశాం. ఆ ఓడతో మాకు సంబంధం లేదని వాళ్లు జవాబిచ్చేదాకా, మళ్లీ రాసేదాకా నెల్లాళ్లు పోయింది. తప్పు నాదేనని ఆయన ఒప్పుకున్నారు, కానీ ఒప్పుకుంటూ కూడా కరెంటు వాళ్లని తిట్టేరు. నేను లేసు అల్లుతాను. ఒక్క కన్ను లెక్క తప్పితే రెండు రోజుల పని విప్పి మళ్లీ అల్లుతాం, ఎవర్నీ తిట్టం. అప్పట్నుంచి ఏ ఉత్తరమైనా ఆయన టైపు చేశాక అంకెలు నేను పైకి చదివి, ఆయన కాగితంతో సరిచూసుకున్నాకే పంపించేం. మీరూ అలాగే చేయండి.

ఆయన వకీలు కాదు, కానని మొదటి రోజే చెప్తారు. ఫైలు తయారయ్యాక కాకినాడలో ఒక వకీలు గారి దగ్గరికి పంపేరు. ఆ వకీలు గారు చెప్పిన రెండు కేసులు నాకు బాగా గుర్తున్నాయి. ఒకటి 1969ది, ఓడ మీంచి రాత్రిపూట మాయమైన నావికుడిది. సముద్రంలో పడే పోయుంటాడు కదా, ఓడలోనే ఉన్నాడు కదా అంటే సుప్రీంకోర్టు సరిపోదంది. పనికీ చావుకీ ముడి చూపించలేకపోయారని కుటుంబానికి పరిహారం రాలేదు. రెండోది 2012లో, వెయ్యి కిలోమీటర్ల పైగా లారీ నడుపుతూ గుండె ఆగిన డ్రైవరుది. ఆ దూరం, ఆ శ్రమ చూసి అదే కోర్టు ఇమ్మంది. మాస్టారు గీసిన నాలుగు గడుల పట్టీ చూసి వకీలు గారు, "మీరు రెండో కేసులో పడటానికి ఇదే ఆధారం" అన్నారు.

అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం వెళ్తే ఎంతొస్తుందో కూడా లెక్క కట్టి చూపించేరు. ఈయన జీతం డాలర్లలో ఎంతైనా లెక్కకి నెలకి 15 వేలే తీసుకుంటారు, ఆ పరిమితి కూడా 2020లో పెరిగితేనే అంత. అందులో 60 శాతం 9 వేలు. 47 ఏళ్ల వయసుకి పట్టికలో ఉన్న అంకె 163.07. గుణిస్తే 14,67,630 రూపాయలు. అదీ నూటికి నూరు శాతం పనికిరాడని తేలితే. ఘటన జరిగిన రెండేళ్లలోగా వేయాలి. కోటి అన్న ఏజెంటు మాట గుర్తొచ్చి ఈయన బస్టాండులో ఒక్కరే నవ్వుకున్నారు. కోర్టుదాకా వెళ్లక్కర్లేకుండా, కాంట్రాక్టు కింద బీమావాళ్లతోనే మాట్లాడుకుని 2024లో తేలింది. ఎంతన్నది బయట చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. కోటి కాదు. ఆ 14 లక్షల కంటే ఎక్కువ. ఇంటి మీద గది కట్టలేదు, అప్పులు తీరేయి, పెద్దాడి ఫీజు కట్టేం, ఇంకా కాస్త ఉంది.

మాస్టారికి మేం మొత్తం ఇచ్చింది 3,840 రూపాయలు, ప్రతి పైసాకీ చీటీ ఉంది. చివర్లో పట్టుపంచె తీసుకెళ్తే తిట్టి పంపేరు. కొబ్బరికాయలైతే తీసుకున్నారు.

ఇంకో లోపం చెప్పి తీరాలి, అది మెట్లు. షాపు మేడ మీద. ఇరవై రెండు మెట్లు, నిట్రంగా, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. గుండె జబ్బు క్లెయిములకి పేరుపడ్డ షాపు ఇరవై రెండు మెట్ల పైన ఉండటం ఏమిటో! ఈయన సంతకం కావాల్సినప్పుడల్లా మాస్టారే కిందకి దిగి, ఎదురుగా ఉన్న టీ బండి బల్ల మీద పెట్టించుకునేవారు. డెబ్బై ఏళ్ల మనిషి దిగుతుంటే మాకు ఇబ్బంది, ఎక్కుతుంటే ఇంకా ఇబ్బంది. కింద గది అద్దెకి దొరికినా కదలరు, పైనుంచి గోదారి కనపడుతుందట. ఒకప్పుడు ఈ నరసాపురంలో, మాధవాయిపాలెంలో ఓడలు కట్టేవారని వచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తారు. మీరు తొందరలో ఉంటే ఆ కిటికీ వైపు చూడకండి.

వెళ్లేవాళ్లు సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), కాంట్రాక్టు, ఎక్కేముందు మెడికల్, ఓవర్‌టైము షీట్లు, ఆస్పత్రి కాగితాలు అన్నీ అసలువే తీసుకెళ్లండి, ఫోను నిండా ఛార్జింగు పెట్టుకోండి. సఖినేటిపల్లి వైపు నుంచైతే పంటు మీద వెళ్లడమే సుఖం. వరదలొచ్చి ధవళేశ్వరంలో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే పంటు కట్టేస్తారు, అప్పుడు దిండి మీదుగా చించినాడ వంతెనెక్కి చుట్టూ తిరిగి రావాలి, సగం రోజు అక్కడే పోతుంది. ఫోను చేస్తే ఎత్తరు. ఆదివారం సెలవు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా షట్టరు సగం దించి నిద్రపోతారు, ఆ టైములో కొట్టకండి. నేనొకసారి కొట్టి, పంటు కట్టేసే వేళ దాకా మెట్ల మీద కూర్చున్నాను.